తుపాను రాత్రికి ఏ మోడ్? హామ్ రేడియో డిజిటల్ గొడవలో నా ఓటు

ఐఫోన్ 14తో 2022లో యాపిల్ శాటిలైట్ ఎస్‌ఓఎస్ తెచ్చినప్పుడు మనమందరం నోరెళ్ళబెట్టాం. టవర్ లేకపోయినా మెసేజ్ వెళ్తుందట అని వీడియోలు షేర్ చేసుకున్నాం. నిజానికి టవర్ లేకుండా, నెట్ లేకుండా, మధ్యలో ఏ కంపెనీ లేకుండా వేల కిలోమీటర్లు మాట్లాడుకునేవాళ్ళు వందేళ్ళకు పైగా ఉన్నారు. వాళ్ళే హామ్ రేడియో ఆపరేటర్లు. ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై, లైసెన్స్, సొంత కాల్‌సైన్ తీసుకుని, సొంత సెట్‌తో ట్రాన్స్‌మిట్ చేస్తారు. మన దేశంలో ఆ కాల్‌సైన్లు ఎక్కువగా వీయూ2, వీయూ3తో మొదలవుతాయి.

ఆ ప్రపంచంలో కొన్నేళ్ళుగా ఒక గొడవ నడుస్తోంది. ఆండ్రాయిడ్, ఐఓఎస్ గొడవకంటే ఘాటుగా ఉంటుంది. పాతవాళ్ళు అంటారు: మోర్స్ కొట్టడం, మైకు పట్టుకుని మాట్లాడటం, ఇదీ రేడియో అంటే, కంప్యూటర్ పెట్టి డిజిటల్ మోడ్ నడపడం రేడియో కాదు. కుర్రాళ్ళు అంటారు: మీరు 1950ల దగ్గరే ఆగిపోయారు, టెక్నాలజీ ముందుకెళ్ళింది.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని కాబట్టి డిజిటల్ వైపే ఉంటానని మీరు అనుకోవచ్చు. సగం నిజం. మాది తాటిపాక. గోదావరి పాయల మధ్య, సముద్రానికి దగ్గరగా, తుపాను వచ్చిన ప్రతిసారీ కరెంటు ముందుగా పోయే ఊరు. అక్కడి నుంచి చూస్తే ఈ గొడవలో రెండు పక్షాలూ తప్పు ప్రశ్న అడుగుతున్నాయని నాకనిపిస్తోంది. మోడ్ పాతదా కొత్తదా అన్నది నాకు ముఖ్యం కాదు. నేను మూడే అడుగుతాను. నెట్ లేకుండా పనిచేస్తుందా? విప్పి చూసుకోనిస్తుందా? మనిషి చెప్పాలనుకున్న మాటని మోస్తుందా?

ముందు గొడవేంటో చూద్దాం

గొడవ మొత్తానికి కేంద్రం ఎఫ్‌టీ8 అనే మోడ్. 2017లో వచ్చింది. తయారు చేసినవాళ్ళు స్టీవ్ ఫ్రాంకే, జో టేలర్. పేరులో ఎఫ్, టీ వాళ్ళ ఇంటిపేర్లే. 8 అంటే ఎనిమిది టోన్లు. ఈ జో టేలర్ మామూలు మనిషి కాదు. పల్సార్ల మీద చేసిన పనికి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త. అంతరిక్షం నుంచి వచ్చే అతి బలహీనమైన సిగ్నల్‌ని శబ్దం లోంచి బయటికి లాగడం ఆయన వృత్తి. ఆ నైపుణ్యాన్నే తన హాబీలోకి తెచ్చాడు.

ఎఫ్‌టీ8 పనిచేసే తీరు ఇది. సమయాన్ని 15 సెకన్ల ముక్కలుగా కోస్తుంది. ఒక ముక్కలో మీరు పంపుతారు, తర్వాతి ముక్కలో అవతలివాళ్ళు పంపుతారు. ఒక్కో సందేశం 77 బిట్లు మాత్రమే. దానికి తప్పులు సరిదిద్దే కోడింగ్ కలిపి, కేవలం 50 హెర్ట్జ్ వెడల్పులో పంపుతుంది. మామూలు వాయిస్‌కి దాదాపు 2500 హెర్ట్జ్ కావాలి, పోల్చి చూసుకోండి. ఆ 2500 హెర్ట్జ్‌లో ఉండే శబ్దంతో పోలిస్తే సిగ్నల్ 21 డెసిబెల్స్ కింద ఉన్నా చదివేస్తుంది. అంటే హెడ్‌ఫోన్‌లో మీకు హుష్‌మనే శబ్దం తప్ప ఏమీ వినిపించని చోట, స్క్రీన్ మీద బ్రెజిల్ కాల్‌సైన్ కనిపిస్తుంది.

నగరాల్లో ఎల్ఈడీ బల్బులు, చార్జర్లు, ఇన్వర్టర్లు చేసే రొదలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో చిన్న తీగ కట్టుకున్న కుర్రాడికి ఇదొక వరం. అందుకే వచ్చిన ఒకట్రెండేళ్ళకే ప్రపంచంలో ఎక్కువ కాంటాక్టులు దీని మీదే జరగడం మొదలైంది.

ఇక పెద్దవాళ్ళ అభ్యంతరం. "బాబూ, నీ కంప్యూటర్ వాళ్ళ కంప్యూటర్‌తో మాట్లాడింది. మధ్యలో నువ్వేం చేశావు?" ఇది వెక్కిరింపులా ఉన్నా అందులో విషయం ఉంది. ఎఫ్‌టీ8లో ఒక కాల్‌సైన్ మీద క్లిక్ చేస్తే మిగతా వరస మొత్తం సాఫ్ట్‌వేరే పూర్తి చేయగలదు. కాల్‌సైన్లు, గ్రిడ్, సిగ్నల్ రిపోర్ట్, 73. అయిపోయింది. అవతలి మనిషి పేరు కూడా తెలియదు. అక్కడ వాన పడుతోందా, వాళ్ళింట్లో భోజనాలయ్యాయా, ఏమీ తెలియదు.

ప్రతి తరంలోనూ ఇదే మాట

అయినా "ఇది రేడియో కాదు" అన్న మాట కొత్తదేం కాదు. మొదట్లో స్పార్క్ ట్రాన్స్‌మిటర్లు ఉండేవి. వాటిని వాక్యూమ్ ట్యూబ్ సెట్లు వెళ్ళగొట్టాయి. తర్వాత ఏఎం వాయిస్ రాజ్యమేలింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఎస్ఎస్‌బీ వచ్చినప్పుడు, ట్యూనింగ్ కాస్త తప్పితే మనిషి గొంతు డోనాల్డ్ డక్ గొంతులా వస్తోందని ఏఎం వాళ్ళు ఎగతాళి చేశారు. ఇప్పుడు అదే ఎస్ఎస్‌బీని "అసలైన రేడియో" అంటున్నాం.

మోర్స్ విషయంలోనూ అంతే. హెచ్ఎఫ్ లైసెన్స్‌కి మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధన 2003లో పోయింది. అమెరికా 2007లో పరీక్ష నుంచి తీసేసింది. మన దేశంలో పై స్థాయి అయిన జనరల్ గ్రేడ్‌కి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు మోర్స్ అడిగారు. కింది స్థాయి రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి అక్కర్లేదు. మోర్స్ తీసేస్తే హాబీ చచ్చిపోతుందన్నారు. హాబీ చావలేదు. విచిత్రం ఏంటంటే మోర్స్ కూడా చావలేదు. తప్పనిసరి కానందుకే ఇష్టంగా నేర్చుకునేవాళ్ళు వస్తున్నారు.

కాబట్టి "కొత్తది కనుక వద్దు" అనే వాదన నాకు నచ్చదు. "కొత్తది కనుక గొప్పది" అన్నది కూడా అంతే. ఇప్పుడు నా మూడు ప్రశ్నలు పెట్టి చూద్దాం, ఫోన్ రివ్యూలో కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే చూసినట్టు.

మొదటి ప్రశ్న: నెట్ పోతే?

2025 అక్టోబర్ 28 అర్ధరాత్రి ప్రాంతంలో మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. నర్సాపురం అంటే మాకు గోదావరి అవతలి ఒడ్డు. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం దాకా అమ్మకి ఫోన్ కలవలేదు. ఇందులో ఏ కంపెనీనీ తిట్టేది లేదు. కరెంటు పోయాక టవర్ నడిచేది దాని బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే. రోడ్డు మీద చెట్లు పడితే డీజిల్ రాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ లాంటి మహానగరానికే ఫోన్లు పడిపోయాయి. 1996 నవంబర్ 6 తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా దగ్గర ప్రమాదం అంటే తుపాను ఒక్కటే కూడా కాదు. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న మా పక్కనున్న నగరం గ్రామంలో గ్యాస్ పైప్‌లైన్ పేలింది.

ఇలాంటి చోట మొదటి ప్రశ్నలోనే కొన్ని ఆకర్షణీయమైన మోడ్‌లు ఫెయిలవుతాయి. ఈ మధ్య కుర్రాళ్ళలో బాగా పాపులర్ అయింది డీఎంఆర్ హాట్‌స్పాట్. చేతిలో చిన్న హ్యాండ్‌సెట్, టేబుల్ మీద రాస్ప్‌బెరీ పై, దాని వెనక ఇంటి వైఫై. మాట మీ గదిలో పది అడుగులు రేడియోలో వెళ్ళి, మిగతా పదివేల కిలోమీటర్లు ఇంటర్నెట్‌లో వెళ్తుంది. ఎకోలింక్ కూడా ఆ బాపతే. సరదాకి బాగుంటాయి, సందేహం లేదు. కానీ టవర్ పడిన రాత్రి వాట్సాప్ ఎంతో ఇవీ అంతే. డీఎంఆర్‌ని హ్యాండ్‌సెట్ నుంచి హ్యాండ్‌సెట్‌కి నేరుగా కూడా వాడొచ్చు, అప్పుడు నెట్ అక్కర్లేదు. అయితే కొబ్బరి తోటల మధ్య, నేల మీద నిలబడి 5 వాట్ల హ్యాండ్‌సెట్‌తో వెళ్ళే దూరం కొద్ది కిలోమీటర్లే. కలెక్టర్ ఆఫీసు ఉన్న అమలాపురం మాకు రోడ్డు మీద దాదాపు 20 కిలోమీటర్లు.

ఎఫ్‌టీ8కి నెట్ అక్కర్లేదు. కానీ ఒక మెలిక ఉంది. 15 సెకన్ల ముక్కలు కలవాలంటే రెండు వైపులా కంప్యూటర్ గడియారాలు సెకను తేడాలో ఉండాలి. మామూలుగా ఆ సమయాన్ని మన ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటుంది. రెండు రోజులు నెట్ లేకపోతే గడియారం జారుతుంది, డీకోడింగ్ ఆగుతుంది. చిన్న యూఎస్‌బీ జీపీఎస్ పెట్టుకుంటే సమస్య తీరుతుంది. పెట్టుకోవాలని ముందే తెలిసుండాలి, అంతే.

మోర్స్, ఎస్ఎస్‌బీ వాయిస్? 12 వోల్టుల బ్యాటరీ, తీగ ముక్క ఉంటే చాలు. ఈ రౌండ్ పెద్దవాళ్ళది.

రెండో ప్రశ్న: విప్పి చూడొచ్చా?

ఇది మన లాంటి కోడ్ రాసేవాళ్ళ ప్రశ్న. పైకి డిజిటల్ అంతా ఒకటే అనిపిస్తుంది కానీ లోపల రెండు జాతులున్నాయి.

డీ-స్టార్, డీఎంఆర్, యాసూ ఫ్యూజన్, ఈ మూడు డిజిటల్ వాయిస్ పద్ధతుల్లోనూ గొంతుని బిట్లుగా మార్చే కోడెక్ ఏఎంబీఈ కుటుంబానిది. అది ఒక అమెరికన్ కంపెనీ సొత్తు. చిప్ కొనుక్కోవాలి, లోపల ఏం జరుగుతోందో చూడకూడదు. హెచ్ఎఫ్‌లో ఈమెయిల్ పంపే విన్‌లింక్ చాలా ఉపయోగకరమైన వ్యవస్థ, విపత్తుల్లో వాడతారు. కానీ అందులో వేగంగా నడిచే పాక్టర్‌కి ఒక జర్మన్ కంపెనీ మోడెమ్ కావాలి, దాని ధర మంచి ఫ్లాగ్‌షిప్ ఫోన్ స్థాయిలో ఉంటుంది. చవకైన ప్రత్యామ్నాయం వారా సాఫ్ట్‌వేర్. దాని సోర్స్ కోడ్ మూసి ఉంటుంది. హామ్ రేడియోలో అర్థాన్ని దాచేలా సందేశం పంపకూడదు అన్నది అంతర్జాతీయ నియమం. ఎవరైనా వినగలగాలి. మరి డీకోడర్ కొంటే గానీ చదవలేని సిగ్నల్ ఆ నియమానికి లోబడినట్టా కాదా? అమెరికాలో ఈ గొడవ ఎఫ్‌సీసీ దాకా వెళ్ళింది. నా వరకు, వారా ఉంటే వాడుకుంటాను కానీ దాన్ని మాత్రమే నమ్ముకోను.

రెండో జాతి వేరు. ఎఫ్‌టీ8 నడిపే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ పూర్తిగా ఓపెన్ సోర్స్. ఆస్ట్రేలియాకి చెందిన డేవిడ్ రో ఏఎంబీఈకి పోటీగా కోడెక్2 రాసి ఉచితంగా ఇచ్చాడు. పోలండ్‌లో మొదలైన ఎం17 ప్రాజెక్టు ఆ కోడెక్ మీదే మొత్తం డిజిటల్ వాయిస్ ప్రోటోకాల్ కట్టింది. కోడ్ చదవొచ్చు, మార్చొచ్చు, మీ కాలేజీ ప్రాజెక్టుగా పెట్టుకోవచ్చు. "డిజిటల్ అంటే పెట్టె కొని ప్లగ్ పెట్టడమే కదా" అనే పెద్దవాళ్ళ మాట మొదటి జాతికి వర్తిస్తుంది, రెండో జాతికి వర్తించదు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న కూడా అడగాలి. లక్షల రూపాయల జపాన్ సెట్ డబ్బా విప్పి పెట్టి, సీలు కూడా తీయకుండా మైకులో మాట్లాడుతూ, ఎఫ్‌టీ8 వాడేవాళ్ళని "మీకు రేడియో తెలీదు" అనడం ఎంతవరకు న్యాయం? వాయిస్ అయినా డిజిటల్ అయినా, లోపలికి చూసినవాడికే రేడియో తెలిసినట్టు.

మూడో ప్రశ్న: మనిషి మాటని మోస్తుందా?

ఎఫ్‌టీ8 ఇక్కడ బోల్తా పడుతుంది. నాకిష్టమైన మోడ్ అయినా చెప్పక తప్పదు.

ఆ 77 బిట్లలో ఎక్కువ భాగం రెండు కాల్‌సైన్లకి, గ్రిడ్‌కి పోతుంది. గ్రిడ్ అంటే భూగోళాన్ని గళ్ళుగా విడగొట్టి పెట్టిన పేరు. తాటిపాక గడి ఎన్‌కే06. వినడానికి కచ్చితంగా ఉంది కదా? ఆ గడి వెడల్పు 200 కిలోమీటర్లకు పైనే. విజయవాడ, ఏలూరు, భీమవరం, తాటిపాక అన్నీ అందులోనే ఉన్నాయి. "నేను ఎన్‌కే06లో ఉన్నాను, రక్షించండి" అంటే పడవని ఎక్కడికి పంపాలి?

సొంత వాక్యం రాయొచ్చా అంటే రాయొచ్చు, 13 అక్షరాలు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు మాత్రమే. "పడవ కావాలి" అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి చూడండి, మధ్యలో ఖాళీతో కలిపి సరిగ్గా 13 వస్తుంది. ఎన్ని పడవలు, ఏ లంకకి, ఎంతమంది ఉన్నారు, గర్భిణి ఉందా, ఇవేవీ పట్టవు. అడిగింది ఎవరో చెప్పడానికి కాల్‌సైన్‌కి కూడా చోటు లేదు. ఎఫ్‌టీ8ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, దాన్ని తయారు చేసింది ఈ పనికి కాదు. దారి తెరుచుకుందా లేదా తెలుసుకోవడానికి అంత మంచి పరికరం ఇంకోటి లేదు. తెరుచుకున్న దారిలో మాట పంపాలంటే వేరే మోడ్ కావాలి.

ఆ వేరే మోడ్ ఉంది కూడా. ఎఫ్‌టీ8 పునాది మీదే జోర్డాన్ షెరర్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ జేఎస్8కాల్ రాశాడు. ఇది కూడా ఓపెన్ సోర్స్. ఎంత పొడుగు వాక్యమైనా టైప్ చేయొచ్చు, ముక్కలుగా వెళ్తుంది. మధ్యలో ఇంకో స్టేషన్ ద్వారా దాటించొచ్చు. అవతలి ఆపరేటర్ అన్నానికి వెళ్తే సందేశం ఆయన స్టేషన్‌లో దాచి ఉంటుంది. మామూలు వేగం నిమిషానికి సుమారు 16 మాటలు. ఫైబర్ నెట్‌కి అలవాటుపడ్డ మనకి నవ్వొస్తుంది కానీ, "మూడు పడవలు, రెండొందల మంది, స్కూలు బిల్డింగు పైన" అన్న సంగతి ఒకట్రెండు నిమిషాల్లో చేరిపోతుంది.

మనిషి మాట ఎందుకు ముఖ్యమో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది, మనవాళ్ళదే. హైదరాబాద్‌లో ఎస్. సూరి 1983లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం 2004 డిసెంబర్‌లో అండమాన్ వెళ్ళింది. విపత్తు కోసం కాదు. అండమాన్ నుంచి హామ్ స్టేషన్లు చాలా ఏళ్ళుగా గాలిలో లేవు, కనుక ప్రపంచంలోని హామ్‌లందరూ ఆ కాంటాక్టు కోసం ఎదురుచూస్తున్నారు. భారతి ప్రసాద్ వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో రోజుకి వందల మందికి సిగ్నల్ రిపోర్టులు ఇస్తున్నారు. ఒక రకంగా ఇప్పుడు ఎఫ్‌టీ8లో జరిగే "లాగ్ నింపడం" లాంటి పనే. డిసెంబర్ 26 ఉదయం భూకంపం, ఆ వెంటనే సునామీ. ఫోన్లు పోయాయి. లాగ్ నింపుతున్న అదే స్టేషన్ కొద్ది గంటల్లో ద్వీపాలకీ దేశానికీ మధ్య లింకు అయింది. ఫలానా మనిషి బతికున్నాడు, ఫలానా కుటుంబం క్షేమం అన్న కబుర్లు అందులో వెళ్ళాయి.

ఈ సంఘటనని రెండు పక్షాలూ తమవైపు లాక్కోవచ్చు. "లాగ్ నింపడం వృథా" అనేవాళ్ళు గమనించాలి: ఆ సరదా లేకపోతే ఆ రోజు అక్కడ సెట్టూ లేదు, యాంటెన్నా లేదు, చేయి తిరిగిన ఆపరేటరూ లేరు. "ఎఫ్‌టీ8 ఉంటే చాలు" అనేవాళ్ళు కూడా గమనించాలి: ఆ రోజు వెళ్ళినవి మనుషుల పేర్లు, వాక్యాలు. 13 అక్షరాల్లో పట్టేవి కావు.

ఇన్నోవేషన్ అంటే కుళాయి వాషర్ కూడా

గొడవలో ఇంకో మాట తరచూ వినిపిస్తుంది, ఇన్నోవేషన్. అమెరికా, జపాన్ వాళ్ళు కనిపెడతారు, మనం కొంటాం అన్న ధోరణిలో. దీనికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది.

అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్ఈ. 2000ల మొదట్లో బిట్ఎక్స్ అనే ఎస్ఎస్‌బీ సెట్ డిజైన్ చేశాడు. ఒకే యాంప్లిఫయర్ రెండు దిక్కులా పనిచేసేలా సర్క్యూట్ గీశాడు, దాంతో పంపడానికి ఒకటి, వినడానికి ఒకటి పెట్టాల్సిన ఖర్చు తగ్గింది. కాయిల్ చుట్టడానికి కావాల్సిన టొరాయిడ్లు అప్పట్లో ఇక్కడ దొరకడం కష్టం. అందుకని హార్డ్‌వేర్ షాపులో దొరికే కుళాయి వాషర్ల మీద కాయిల్ చుట్టాడు! డిజైన్ మొత్తం బయట పెట్టాడు. దేశాదేశాల వాళ్ళు కట్టుకున్నారు. తర్వాత బిట్ఎక్స్40, మైక్రోబిట్ఎక్స్ కిట్లుగా వచ్చాయి. ఆ తర్వాతి ఎస్‌బిట్ఎక్స్ రాస్ప్‌బెరీ పై మీద లైనక్స్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ రేడియో. అందులో వాయిస్ ఉంది, మోర్స్ ఉంది, ఎఫ్‌టీ8 కూడా లోపలే ఉంది. విడిగా ల్యాప్‌టాప్ అక్కర్లేదు. కోడ్ ఓపెన్.

పాతా కొత్తా అని ఇక్కడ మనం తన్నుకుంటుంటే, మోర్స్‌నీ ఎఫ్‌టీ8నీ ఒకే స్క్రీన్ మీద పెట్టిన సెట్ మన హైదరాబాద్ నుంచే ప్రపంచానికి వెళ్తోంది. నాకు తెలిసి ఈ గొడవకి ఇంతకంటే మంచి తీర్పు ఎవరూ ఇవ్వలేదు. కుళాయి వాషర్ దొరికింది వాడుకోవడం, రాస్ప్‌బెరీ పై దొరికింది వాడుకోవడం, రెండూ ఒకే బుద్ధి.

తాటిపాక సెటప్

సరే, సిద్ధాంతం చాలు. మా ఊళ్ళో ఒక స్టేషన్ పెట్టాలంటే ఎలా ఉండాలి?

హైదరాబాద్ మాకు గీత గీస్తే దాదాపు 370 కిలోమీటర్లు. ఆ దూరానికి ఉపగ్రహం అక్కర్లేదు. 40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే 7 మెగాహెర్ట్జ్‌లో, సిగ్నల్‌ని దాదాపు నిట్టనిలువుగా పైకి వదిలితే అయనోస్ఫియర్‌కి తగిలి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర వర్షంలా కిందకి పడుతుంది. రాత్రిపూట ఆ బ్యాండ్ ఇంత దగ్గరి దూరాలకి మూసుకుంటే 80 మీటర్లకి మారాలి. కావాల్సిన యాంటెన్నా 7 మెగాహెర్ట్జ్‌కి 20 మీటర్ల రాగి తీగ, మధ్యలో కేబుల్. కోనసీమలో 20 మీటర్ల దూరంలో రెండు కొబ్బరి చెట్లు లేని పెరడు వెతకాలి! తీగ కట్టడానికి దింపు తీసే మనిషిని కూడా పిలవక్కర్లేదు, ఎందుకంటే ఈ పద్ధతికి ఎత్తు పెద్దగా అవసరం లేదు. నాలుగు మీటర్ల ఎత్తు చాలు. తుపానుకి ఆ చెట్టే పడిపోతే? మిగిలిన మొద్దుకీ, అరుగు స్తంభానికీ కట్టుకోవచ్చు. టవర్ నిలబెట్టడానికి రోజులు పడుతుంది, తీగ కట్టడానికి పది నిమిషాలు.

సెట్ ఎస్ఎస్‌బీ వాయిస్ ఉన్నదే అయ్యుండాలి. ఎందుకంటే మా అమ్మకి మోర్స్ రాదు, జేఎస్8కాల్ రాదు. తెలుగులో మాట్లాడటం వచ్చు. ఆ పక్కన జేఎస్8కాల్ ఉన్న పాత ల్యాప్‌టాప్, దానికి జీపీఎస్. వాయిస్ వినిపించనంత రొద ఉన్నప్పుడు టెక్స్ట్ దాటుతుంది. 12 వోల్టుల బ్యాటరీ, ఒక సోలార్ ప్యానెల్. ఎఫ్‌టీ8 రోజూ నడపాలి, ఏ గంటలో ఎక్కడికి దారి తెరుచుకుంటుందో అది చెప్పినట్టు ఇంకేదీ చెప్పదు. ఊళ్ళ మధ్య చిన్న సందేశాలకి లోరా మీద నడిచే మెష్‌టాస్టిక్ పెట్టుకోవచ్చు. 865 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నిర్ణీత పవర్ లోపు దానికి లైసెన్స్ కూడా అక్కర్లేదు. వాటర్ ట్యాంకు మీద ఒక నోడ్ ఉంటే ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే వాడొచ్చు.

చూశారుగా, ఇందులో పాతదీ ఉంది, కొత్తదీ ఉంది. ఏదీ గౌరవం కోసం పెట్టలేదు, పనికొస్తుందని పెట్టాం.

పెద్దలకి ఒకటి, మనకి ఒకటి

పెద్దలకి నా విన్నపం. ఎఫ్‌టీ8తో వచ్చిన కుర్రాడిని గుమ్మం దగ్గరే ఆపకండి. కోడ్ రాయడం వచ్చినవాళ్ళు ఈ హాబీకి రావడానికి ఇప్పుడున్న తలుపు అదే. లోపలికి వచ్చాక మైకు ఇవ్వండి, విపత్తులో సందేశం ఎలా రాసుకోవాలో, ఎలా తిరిగి చదివి సరిచూసుకోవాలో నేర్పండి. అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, మీ దగ్గరే ఉంది.

మన వయసు వాళ్ళకి ఇంకో మాట. వంద దేశాలు క్లిక్‌లతో పూర్తిచేశాక స్క్రీన్‌షాట్ పెట్టడం బాగానే ఉంటుంది. తర్వాత ఏంటి? బీటెక్ ప్రాజెక్టుకి ప్రతి ఏడాదీ అదే హాజరు సిస్టమ్, అదే స్మార్ట్ డస్ట్‌బిన్ చేస్తున్నాం. కోడెక్2లో తెలుగు గొంతు ఎంత స్పష్టంగా వస్తుందో ఎవరైనా కొలవండి. పొడుగు, పొట్టి అచ్చుల తేడా, వత్తుల తేడా నిలుస్తోందా? జేఎస్8కాల్ లాంటి దానిలో తెలుగు లిపిని తక్కువ బిట్లలో ఎలా పంపాలి? తుపాను హెచ్చరిక వాక్యాలకి చిన్న కోడ్ పట్టిక చేసి, అందరూ చదవగలిగేలా బయట పెట్టొచ్చా? ఇవి మనం తప్ప ఇంకెవరూ చేయని పనులు.

మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే యూనివర్సిటీ నడిపే వెబ్‌ఎస్‌డీఆర్‌ని బ్రౌజర్‌లో తెరిచి 7 మెగాహెర్ట్జ్ చుట్టూ తిప్పండి, మోర్స్, వాయిస్, ఎఫ్‌టీ8 మూడూ పక్కపక్కనే వినిపిస్తాయి. తర్వాత రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ పరీక్షకి చదవండి, ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే సగం పని అయినట్టే. లైసెన్స్ వచ్చేదాకా మాత్రం ట్రాన్స్‌మిట్ బటన్ ముట్టుకోవద్దు, అది నేరం.

నా ఓటు ఎటో అడిగితే ఇలా చెప్తాను. ఎస్ఎస్‌బీ వాయిస్‌కి మొదటి స్థానం, జేఎస్8కాల్‌కి రెండోది, మోర్స్‌కి మూడోది. నేర్చుకున్న మనిషి ఊళ్ళో ఉంటే అది మొదటికి కూడా వస్తుంది. ఎఫ్‌టీ8 రోజువారీ సాధనకి. నెట్ మీద ఆధారపడే హాట్‌స్పాట్ సరదాకి. మూసిన కోడెక్‌కి నా డబ్బు ఇవ్వను. మీ లెక్క వేరేగా ఉంటే కింద రాయండి, కానీ ఒక్క షరతు: మీ ఊళ్ళో కరెంటు పోయి రెండు రోజులైంది అనుకుని రాయండి. 73.